చిన్న ఓడకు యుద్ధకాలపు రంగులు: దేన్ని చూసి వేయాలి?

కిందటి వేసవి సెలవుల్లో మా అన్నయ్య కొడుకు అమలాపురం నుంచి మా ఇంటికి వస్తూ ఒక కిట్ వెంట తెచ్చుకున్నాడు. భాగాలు అతికించి రంగులు వేసుకునే చిన్న ఓడ నమూనా అది. 1/700 స్కేలు, అంటే అసలు ఓడలో 700వ వంతు పొడవున్న అమెరికన్ డెస్ట్రాయర్ (వేగంగా పోయే చిన్న యుద్ధనౌక). పెట్టె మీది బొమ్మలో ఓడ ఒంటి నిండా నీలం, బూడిద మచ్చలు. శత్రువు కంటిని తికమకపెట్టడానికి వేసే కామోఫ్లాజ్ అది. లోపలి రంగుల కాగితంలో అవే మచ్చలు ఇంకో తీరుగా ఉన్నాయి. ఫోన్‌లో వెతికితే దొరికిన పాత ఫొటోలో అసలు మచ్చలే లేవు, ఓడంతా ఒకే ముదురు రంగు. “బాబాయ్, ఈ మూడింట్లో దేన్ని నమ్మాలి?” అన్నాడు.

ఈ పనిలో దిగిన ప్రతివాళ్లకీ మొదటి వారంలోనే వచ్చే సందేహం ఇది. నా జవాబు ముందే చెప్పేస్తాను. మచ్చల ఆకారానికి తేదీ తెలిసిన ఫొటోను నమ్మండి. రంగుకు ఆనాటి నౌకాదళం రాసుకున్న కాగితాన్ని నమ్మండి. మిగతావన్నీ ఆ రెండిటికీ సాయం చేసేవే. ఆకారమూ రంగూ రెండూ పూర్తిగా ఇచ్చే ఆధారం ఒక్కటి కూడా నాకు ఇంతవరకూ ఎదురుపడలేదు.

తేదీ తేల్చుకోకుండా బ్రష్ పట్టొద్దు

జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ సంగతే తీసుకోండి. 1941 మే 19న బాల్టిక్ నుంచి బయల్దేరినప్పుడు దాని పక్కలకు నలుపు తెలుపు వాలు చారలు ఉన్నాయి. 21న నార్వేలో బెర్గెన్ దగ్గర గ్రిమ్‌స్టాడ్‌ఫ్యోర్డ్‌లో లంగరు వేసినప్పుడు ఆ చారల మీద బూడిద రంగు కొట్టేశారు. 24న బ్రిటిష్ యుద్ధనౌక హుడ్‌ను ముంచింది, 27న తానే మునిగింది. తొమ్మిది రోజుల్లో రెండు వేషాలు. చారలున్న బిస్మార్క్ చూడ్డానికి ఎంత బాగున్నా, దాన్ని హుడ్‌తో పోరాటం సీన్‌లో పెడితే తప్పే.

అమెరికన్ విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ కూడా అంతే. 1943 ఆఖరులో ఒకే ముదురు నీలం, 1944లో పెద్ద పెద్ద పలకల్లాంటి డిజైన్. మావాడి డెస్ట్రాయర్ చిక్కు కూడా ఇక్కడే విడిపోయింది. పెట్టె మీది బొమ్మ 1944 నాటిది, ఫోన్‌లో దొరికిన ఫొటో 1945 నాటిది. యుద్ధం ఆఖర్లో జపాన్ ఆత్మాహుతి విమానాలు పైనుంచి వచ్చి పడుతుంటే, సముద్రం మీది నుంచి చూసేవాణ్ణి తికమకపెట్టే మచ్చల కన్నా పైనుంచి చూసేవాడికి నీళ్లలో కలిసిపోయే ముదురు రంగే మేలని చాలా ఓడలకు మళ్లీ మామూలు రంగులు వేశారు.

అందుకని కిట్ కొనేముందే ఓడ పేరు పక్కన నెల, సంవత్సరం రాసుకోండి. ఆ ఒక్క గీత గీస్తే సగం ఆధారాలు వాటంతటవే పక్కకు పోతాయి.

పెట్టెలోని కాగితం

దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. డెక్ రంగు ఎక్కడ ఆగాలి, తుపాకీ గొట్టాలకు ఏం వేయాలి, జెండా ఎక్కడ అతికించాలి లాంటివి ఇది చక్కగా చెబుతుంది. రంగుల విషయంలో మాత్రం ఒక పరీక్ష పెట్టండి. కాగితం మీద సంవత్సరం, ఆ నౌకాదళం వాడిన రంగుల పథకం పేరు ఉన్నాయా? “మెజర్ 32, ఫలానా డిజైన్, 1944” అని ఉంటే తయారుచేసినవాళ్లు అసలు పత్రం చూశారన్న ఆశ పెట్టుకోవచ్చు. “గ్రే, డార్క్ గ్రే” అని వదిలేస్తే దాన్ని భాగాలు అతికించడానికి వాడుకుని రంగుల కోసం వేరే చోట వెతకండి. నేను కట్టిన ఒక కిట్‌లో ఎడమ పక్క మచ్చల్నే అద్దంలో చూసినట్టు తిప్పి కుడి పక్క వేశారు. యుద్ధకాలపు డిజైన్లలో చాలావాటికి రెండు పక్కలూ కావాలనే వేరువేరుగా ఉంటాయి. అది తెలిసేసరికి రంగు ఆరిపోయింది, వార్నిష్ కూడా పడిపోయింది. ఆ ఓడ ఎడమ పక్కే కనిపించేలా ఇప్పటికీ అద్దాల బీరువాలో ఉంది.

పాత ఫొటోలు: అన్నిటికన్నా విలువైనవి, అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సినవి

మంచి వార్త ఏమిటంటే వీటిలో చాలావరకు ఉచితం. అమెరికన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో 80-జి అనే వరుసలో నౌకాదళం ఫొటోలు, 19-ఎన్ అనే వరుసలో ఓడల నిర్మాణ విభాగం ఫొటోలు ఉన్నాయి. రెండిట్లో నాకు 19-ఎన్ అంటే ప్రాణం. మరమ్మతు అయి యార్డు నుంచి బయటికి వచ్చే ఓడను పక్క నుంచి, ముందు నుంచి, వెనక నుంచి వరుసగా తీసి తేదీ వేసినవి అందులో చాలా ఉంటాయి. రంగు అప్పుడే కొత్తగా పడి ఉంటుంది, మచ్చల అంచులు కత్తితో కోసినట్టు కనిపిస్తాయి. యుద్ధంలో తీసినవి ఉత్సాహంగా ఉంటాయి గానీ పొగ, అలలు, తుప్పు అన్నీ కలిసి అంచుల్ని మింగేస్తాయి. అమెరికన్ ఓడలకు నౌకాదళ చరిత్ర విభాగం వారి సేకరణ, బ్రిటిష్ ఓడలకు లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం సేకరణ కూడా ఫోన్‌లోనే చూడొచ్చు.

ఒక ఫొటో దొరికాక నేను చూసే తీరు ఇది. ముందు ఓడ ముక్కు దగ్గరి నంబరు. అంకెలు తిరగబడి ఉంటే నెగటివ్‌ను తిప్పి ప్రింట్ వేశారన్నమాట. అప్పుడు మీరు కుడి అనుకునేది ఎడమ. తర్వాత నీడలు. తుపాకీ గూడు కింద పడిన నీడ, బయటికి విచ్చుకున్న ముందుభాగం కింద చీకటి, ఇవి అచ్చం ముదురు మచ్చల్లాగే ఉంటాయి. నేను ఒకసారి అలాంటి నీడను మచ్చ అనుకుని వేసేశాను. ఇప్పుడు వేరే వెలుతురులో తీసిన ఇంకో ఫొటో దొరికితే గానీ అనుమానం ఉన్న మచ్చను ముట్టుకోను.

ఇక జెండా. ఈ కిటుకు తెలిశాక ఫొటోలు చూసే కళ్లే మారిపోయాయి నాకు. ఆ రోజుల్లో రెండు రకాల నలుపు తెలుపు ఫిల్ములు వాడేవారు. వాటిలో ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు, నీలం అంటే మహా సున్నితం. దాంతో ఎరుపు నల్లగా, నీలం తెల్లగా వస్తాయి. ఓడ మీద ఎగురుతున్న అమెరికన్ జెండాను పెద్దది చేసి చూడండి. ఎర్ర చారలు నల్లగా, నక్షత్రాల వెనక నీలం పాలిపోయినట్టుగా ఉంటే అది ఆ ఫిల్మే. అలాంటి ఫొటోలో లేత బూడిదలా కనిపించే మచ్చ నిజానికి ముదురు నీలం కావచ్చు.

ఎంత మంచి ఫొటో అయినా రంగు చెప్పదు అనడానికి మౌంట్‌బాటన్ గులాబీ చాలు. మన చివరి వైస్రాయ్‌గా అందరికీ తెలిసిన మౌంట్‌బాటన్ 1940లో నౌకాదళంలో డెస్ట్రాయర్ల దళాన్ని నడుపుతూ తన ఓడలకు బూడిద కలిసిన గులాబీ రంగు వేయించాడు. ఒక ప్రయాణికుల ఓడ లావెండర్ రంగు పొద్దువాలే వేళ కంటికి ఆనకుండా పోవడం చూసి అతనికి ఆ ఆలోచన వచ్చింది. ఆ ఓడల ఫొటోలు చూడండి, మామూలు బూడిద రంగు ఓడల్లాగే ఉంటాయి. గులాబీ అన్న సంగతి మనకు రాతల్లోంచే తెలిసింది.

బ్రిటిష్ చిత్రకారుడు పీటర్ స్కాట్ రూపొందించిన వెస్టర్న్ అప్రోచెస్ (బ్రిటన్‌కు పడమటి అట్లాంటిక్ దారులు) పథకంలో తెలుపు మీద లేత ఆకుపచ్చ, లేత నీలం ఉంటాయి. అట్లాంటిక్ మబ్బుల్లో కలిసిపోవడానికి వేసినవి కాబట్టి ఫొటోలో కూడా కలిసిపోతాయి. ఆ రకం ఓడ తెల్లగా కనిపించినంత మాత్రాన తెల్లది అనుకోవద్దు.

కలర్ ఫొటోలు కూడా కొన్ని ఉన్నాయి. అమెరికన్ ఆర్కైవ్స్‌లో నంబరు 80-జి-కె అని మొదలైతే అది కలర్. మీ ఓడకు అలాంటిది దొరికితే అదృష్టమే. ఇప్పుడు కంప్యూటర్‌తో రంగులు అద్దిన పాత ఫొటోలు వాటితో కలిసిపోయి తిరుగుతున్నాయి. అవి ఆధారం కానే కావు. చూసి ఆనందించండి, బల్ల మీదికి మాత్రం తేవద్దు.

డిజైన్ పటాలు, ఉత్తర్వులు

అమెరికన్ నౌకాదళం 1941 జనవరిలో షిప్స్-2 అనే కామోఫ్లాజ్ సూచనల పత్రం తెచ్చి, తర్వాత పలుసార్లు మార్చింది. ఏ పథకానికి ఏ రంగు, ఎక్కడి వరకు అన్నీ అందులో ఉంటాయి. మెజర్ 21 అంటే నిలువు భాగాలన్నీ నేవీ బ్లూ, పేరు 5-ఎన్. మెజర్ 22 అంటే కింద నేవీ బ్లూ, పైన హేజ్ గ్రే. 31, 32, 33 మచ్చల పథకాలు, క్రమంగా ముదురు, మధ్యస్థం, లేత. వాటి డిజైన్ పటాల్లో ఎడమ, కుడి, పైనుంచి చూపు మూడూ గీసి ఉంటాయి. ఒక్కసారి చదవడం వస్తే పేరులోనే బోలెడు సమాచారం ఉంటుంది. ఇందాక చెప్పిన ఎంటర్‌ప్రైజ్ డిజైన్ 33/4ఏబీ. 33 లేత పథకం, 4 డిజైన్ నంబరు, ఏ అంటే విమానవాహక నౌకల కోసం గీసినది. డి అంటే డెస్ట్రాయర్లకు గీసినది. కానీ నార్త్ కరోలినా అనే పెద్ద యుద్ధనౌక వేసుకున్నది 32/18డి. అంటే డెస్ట్రాయర్ చొక్కాను పెద్దాయనకు కొలతలు పెంచి కుట్టారన్నమాట.

అక్కడే పటానికి ఉన్న హద్దు కూడా తెలుస్తుంది. పటం ఒక రకం ఓడ మొత్తానికి గీసింది. యార్డులో బ్రష్ పట్టుకున్నవాళ్లు తమ ముందున్న ఓడ తలుపులు, తుపాకులు చూసుకుని సర్దుకున్నారు. కాబట్టి పటంతో మొదలుపెట్టండి, ఫొటోతో దిద్దుకోండి. ఈ రెండూ పోట్లాడితే ఆకారంలో ఫొటోదే గెలుపు.

మొదటి ప్రపంచయుద్ధం ఓడలైతే కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది. 1917లో నార్మన్ విల్కిన్సన్ అనే చిత్రకారుడు డాజిల్ పద్ధతి తెచ్చాడు. లండన్ రాయల్ అకాడమీలో చిన్న చిన్న చెక్క ఓడలకు రంగులు వేసి, తిరిగే బల్ల మీద పెట్టి, జలాంతర్గామి వాడు చూసినట్టు పెరిస్కోప్‌లోంచి చూసేవారు. ఓడ ఎటు పోతోందో చూసేవాడు పోల్చుకోలేకపోతే ఆ డిజైన్ పాసయినట్టు. ఆ బొమ్మ ఓడలు కొన్ని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి. అంటే మనం వేయబోయే చిన్న ఓడకు అసలు మూలమే ఇంకో చిన్న ఓడ, అదీ రంగులతో సహా! ఆ కాలపు అమెరికన్ డిజైన్ల ముద్రిత పటాలు రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ లైబ్రరీలో ఉన్నాయి. డాజిల్ వేయాలనుకునేవాళ్లు ఈ రెండు చోట్లా చూడకుండా మొదలుపెట్టొద్దు.

రంగు ముక్కలు, సీసాలు, తాళ్లరేవు నావ

ఆనాటి పత్రాల ప్రకారం అచ్చువేసిన రంగు ముక్కల కార్డులు దొరుకుతాయి. ఒక దేశపు ఓడలు నాలుగైదు కట్టే ఉద్దేశం ఉంటే కొనుక్కోవచ్చు. ఒక్క ఓడకైతే డబ్బు దండగ. దానికి బదులు ఆ పథకం పేరు మీదే తయారుచేసిన సీసాలు కొనండి. జపాన్ ఓడలకు ఇది తేలిక. అక్కడ ఏ నౌకాదళ యార్డు బూడిద రంగు దానిదే. కిట్లు, రంగులు తయారుచేసే జపాన్ కంపెనీ టామియావాళ్లు కురె యార్డుకు ఎక్స్‌ఎఫ్-75, ససెబోకు ఎక్స్‌ఎఫ్-77, మైజురుకు ఎక్స్‌ఎఫ్-87, యొకొసుకకు ఎక్స్‌ఎఫ్-91 అని విడివిడిగా అమ్ముతారు. డెక్ మీది లినోలియం గోధుమ రంగుకు ఎక్స్‌ఎఫ్-79. మీ ఓడ ఏ యార్డులో రంగు వేయించుకుందో తెలిస్తే చాలు.

ఇంత పక్కాగా రంగు తెచ్చుకుని సీసాలోంచి ఉన్నదున్నట్టు వేస్తే ఓడ నల్లబడినట్టు కనిపిస్తుంది. ఎందుకో నాకు తాళ్లరేవులో తెలిసింది. అక్కడ చెక్క నావలు కట్టే చోట ఒడ్డుకు లాగిన చేపల బోటు ఒకటి ఉంది. పెద్దాయన ఒకాయన అరచేత్తో దాని పక్కను రుద్ది చెయ్యి నా ముందు చాపాడు. అరచేతి గీతల్లో నీలం పొడి. “ఆయ్, ఈ రంగు కొట్టి ఆర్నెల్లు కాలేదండి. ఎండా ఉప్పూ కలిసి తినేశాయి” అన్నాడు. తాడు కట్టిన చోట, నీడ పడే అంచు కింద మాత్రం అసలు నీలం ముదురుగా అలాగే ఉంది. యుద్ధనౌక రంగు కూడా సముద్రంలో ఇలాగే పొడి తేలి వెలిసిపోతుంది.

దీనికి దూరం కూడా తోడవుతుంది. 1/700 ఓడను మనం 30 సెంటీమీటర్ల నుంచి చూస్తే అసలు ఓడను 210 మీటర్ల నుంచి చూసినట్టు. ఆ దూరంలో ఏ ముదురు రంగైనా కొంచెం పాలిపోతుంది. అందుకని నేను పది చుక్కల రంగుకు ఒకటో రెండో చుక్కల లేత బూడిద కలుపుతాను. 1/350కి ఒక చుక్క చాలు. నలుపు, నేవీ బ్లూలకు ఇది తప్పనిసరి. తెలుపుకు అక్కర్లేదు.

మన గాలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జూలై, ఆగస్టుల్లో గోదావరి నిండుగా ఉన్నప్పుడు మా ఇంటి గోడలే చెమరుస్తాయి. ఆ రోజుల్లో మ్యాట్ వార్నిష్ స్ప్రే చేస్తే ఓడ మీద తెల్లటి పొగ కమ్ముకుంటుంది, నెల రోజులు కూడబెట్టిన ఆధారాలన్నీ దాని కింద పోతాయి. వార్నిష్‌కు పొడి మధ్యాహ్నం వచ్చేదాకా ఆగండి.

పుస్తకాలు, మ్యూజియం ఓడలు

మంచి పుస్తకం ఉపయోగం ఫొటోల్ని, పత్రాల్ని ఎవరో ఓపికగా ఒకచోట చేర్చి తేదీలు సరిచూడటం. రంగు బొమ్మ పక్కన ఏ ఫొటోను బట్టి గీశారో చెప్పిన పుస్తకమైతే కొనండి. అందమైన బొమ్మలు మాత్రమే ఉంటే అది పెట్టె మీది బొమ్మకు అన్నయ్య.

మ్యూజియం ఓడల్లో లండన్‌లోని బెల్ఫాస్ట్ 1942-44 నాటి మచ్చల తీరును పోలిన రంగుల్లో కనిపించింది. 1943 డిసెంబరు 26న నార్త్ కేప్ పోరులో పాల్గొన్న ఓడ అది. ఆకారం అర్థం చేసుకోవడానికి, మచ్చ ఒక గోడ మీద నుంచి ఇంకో గోడ మీదికి ఎలా మలుపు తిరుగుతుందో చూడటానికి ఆ రంగుల్లో ఉన్నప్పటి దాని ఫొటోలు బాగా పనికొస్తాయి. దానికి వేసింది మాత్రం ఈనాటి రంగే, యుద్ధం నాటిది కాదు.

మరి ఏ ఓడ ఎంచుకోవాలి?

మొదటిసారి కామోఫ్లాజ్ వేస్తున్నారా? 1943-44 నాటి అమెరికన్ డెస్ట్రాయర్ ఎంచుకోండి. పటం, ఫొటో, రంగు పేరు మూడూ ఉచితంగా దొరికే అవకాశం అక్కడే ఎక్కువ. ఒక్కటి గుర్తుంచుకోండి: 1945లో నీలి రంగుపొడి కొరతతో వాళ్ల బూడిద రంగుల్లో నీలిఛాయ పోయి మామూలు బూడిద వచ్చింది.

యుద్ధం తొలి ఏళ్ల బ్రిటిష్ ఓడలు కష్టం. ఓడ కెప్టెన్లు, దళాలు తమకు తోచిన పథకాలు వేసుకున్న కాలం అది. ఆకారం ఫొటోల్లోంచి తెచ్చుకున్నా రంగు దగ్గర ఇద్దరు పండితులకు మూడు అభిప్రాయాలు. 1943 నుంచి పథకాలు ఒక పద్ధతికి వచ్చాయి, రంగులకు బి55, బి30, బి15 లాంటి పేర్లు వచ్చాయి. ఆ అంకె రంగు ఎంత వెలుతురు తిప్పికొడుతుందో సుమారుగా చెబుతుంది, అంకె తగ్గేకొద్దీ ముదురు. ఫొటోలోని మచ్చల ముదురు లేతల్ని వరుసపెట్టుకుని ఈ అంకెలతో జోడించవచ్చు.

జపాన్ ఓడలకు 1945 ఆగస్టులో లొంగిపోయేముందు తగలబెట్టిన కాగితాలే పెద్ద లోటు. అయినా ఎక్కువ ఓడలు ఒకే బూడిద రంగు కాబట్టి కంగారు లేదు. 1944 విమానవాహక నౌకల ఆకుపచ్చ పథకాలకు మాత్రం జుయిహో అనే విమానవాహక నౌక ఫొటో చూడాల్సిందే. 1944 అక్టోబరు 25న అమెరికన్ విమానం పైనుంచి తీసినది. డెక్ మీది మచ్చలన్నీ పరిచి పెట్టినట్టు ఉంటాయి.

నేను ఈ పనిలోకి వచ్చింది ఒక జపాన్ ఓడ వల్లే. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద, విశాఖ మీద బాంబులు వేసిన విమానాలు ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచాయి. మా నాయనమ్మకు అప్పుడు పదేళ్లు. ఆ చప్పుడు గురించి చెప్పేది గానీ ఆ విమానాలు ఏ ఓడ నుంచి వచ్చాయో ఆమెకు చివరిదాకా తెలియదు. నేను కట్టిన మొదటి ఓడ అదే, మచ్చలేమీ లేని బూడిద రంగులో.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది మన నది పేరున్న ఓడ. గోదావరి, రాయల్ ఇండియన్ నేవీ స్లూప్ (సరుకు ఓడలకు కాపలా కాసే చిన్న యుద్ధనౌక), బ్లాక్ స్వాన్ తరగతి. ఇంగ్లండులో థార్నిక్రాఫ్ట్ యార్డు కట్టింది, 1943లో దళంలో చేరింది, దేశ విభజనలో పాకిస్థాన్‌కు వెళ్లి సింధ్ అయింది. దీనికి నేను ఎంచుకున్న దారి చెబుతాను. సంవత్సరం 1943 కాబట్టి బ్రిటిష్ కొత్త రంగుల వరుసతో మొదలుపెట్టాను. అదే యార్డులో పుట్టిన తోబుట్టువు నర్మదను పక్కన పెట్టుకుని తుపాకీ గూళ్లు, మాస్టు సరిచూస్తున్నాను. తోబుట్టువు ఫొటో చూసి ఓడ ఒళ్లు కట్టొచ్చు గానీ మచ్చలు మాత్రం అరువు తెచ్చుకోకూడదు, అవి ఓడ ఓడకీ మారతాయి. అందుకే ప్రైమర్ (అడుగు రంగు) వేసి, డెక్ పూర్తిచేసి, రెండు పక్కలూ ఖాళీగా ఉంచాను. గోదావరిదే అని తేలిన, తేదీ ఉన్న ఫొటో ఏ పక్కకు ముందు దొరికితే ఆ పక్క ముందు వేస్తాను.